సముద్రంలో గాలిపటాలు

బాలలారా! సంక్రాంతి పండుగకు మీరు మేడలమీదా, పొలంగట్లమీదా గాలిపటాలు ఎగరవేస్తారు గదా! సరిగ్గా ఆ రోజుల్లోనే భూగోళానికి అవతలిపక్క, నడిసముద్రంలో, పడవలమీద నిలబడి పెద్దవాళ్ళు గాలిపటాలు ఎగరవేస్తూ ఉంటారు. ఆటకోసం కాదు, చేపలు పట్టటానికి! గాలిపటానికీ చేపకూ సంబంధమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అది తెలియాలంటే మనం అమెరికా దేశపు దక్షిణపు కొసకు ప్రయాణం కట్టాలి. అట్లాసు తెచ్చుకుని దగ్గరగా కూర్చోండి.

ఉత్తర అమెరికా పటంలో ఆగ్నేయపు మూల చూడండి. బొటనవేలులాగా సముద్రంలోకి చొచ్చుకువచ్చిన భాగమే ఫ్లోరిడా. ఆ వేలికొస నుంచి నైరుతి దిక్కుగా, తెగిన ముత్యాలపేరులాగా, చిన్న చిన్న దీవులు కనిపిస్తాయి. వీటిని ఫ్లోరిడా కీస్ అంటారు. ఇక్కడ "కీ" అంటే తాళంచెవి కాదు. చిన్నదీవి అని అర్థం వచ్చే "కాయో" అనే స్పానిష్ మాట నాలుకలమీద నలిగి అట్లా మారింది. వీటిలో చాలా దీవులు ఒకప్పటి పగడపు దిబ్బలు. లక్ష సంవత్సరాలకు పూర్వం సముద్రమట్టం ఇప్పటికంటె ఎత్తుగా ఉండేది. అప్పుడు నీటిలో పగడపు జీవులు కట్టుకున్న దిబ్బలు, నీరు దిగిపోయిన తరువాత పైకి తేలి రాతినేల అయినాయి. రోడ్డు చేరే చివరి దీవి కీవెస్ట్. అక్కడినుంచి క్యూబా దేశం 90 మైళ్ళే.

ఇప్పుడు అక్షాంశం చూడండి. మన హైదరాబాదు 17 డిగ్రీల దగ్గర ఉంది. ఈ దీవులు 24½ – 25 డిగ్రీల దగ్గర, అంటే కర్కటరేఖకు కాస్త ఉత్తరాన ఉన్నాయి. ఇటువంటి ప్రాంతాన్నే ఉప ఉష్ణమండలం అంటారు. మన దేశంలో గయా పట్టణం దాదాపు ఇదే అక్షాంశంమీద ఉంది. అమెరికాలో ఉత్తరాది ఊళ్ళన్నీ మంచుతో కప్పబడి ఉన్నప్పుడు ఇక్కడ పలుచని చొక్కాతో తిరగవచ్చు. కీవెస్ట్‌లో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 41 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 5 డిగ్రీల సెంటిగ్రేడు. అదైనా 1886లో ఒకసారి, 1981లో మరొకసారి వచ్చింది. అందుకే చలికాలం రాగానే ఉత్తరాదినుంచి వేలాదిమంది ఇక్కడికి దిగుతారు. వీరికి అక్కడివాళ్ళు వేడుకగా "మంచుపక్షులు" అని పేరు పెట్టారు.

ఈ దీవులను కలుపుతూ 113 మైళ్ళ పొడవున ఒక రోడ్డు ఉన్నది. దారిలో 42 వంతెనలు! అందులో ఒకదాని పేరే "ఏడుమైళ్ళ వంతెన". అయితే ఇక్కడ మొదట వేసినది రోడ్డు కాదు, రైలుమార్గం. హెన్రీ ఫ్లాగ్లర్ అనే ధనికుడు కట్టించిన ఈ మార్గం 1912లో కీవెస్ట్ చేరింది. మన రామేశ్వరానికి సముద్రంమీదుగా పాత పంబన్ వంతెన వేసినది 1914లో. అంటే రెండూ ఇంచుమించు ఒకే ఈడువి. వాటి కష్టాలు కూడా ఒకటే. 1935 సెప్టెంబరు 2న ఈ దీవులమీద భయంకరమైన తుఫాను విరుచుకుపడింది. జనాన్ని తీసుకురావటానికి పంపిన రైలు ఇస్లామొరాడా అనే దీవి దగ్గర ఉండగా సముద్రం లేచివచ్చి పెట్టెలన్నిటినీ పట్టాలమీదనుంచి తోసివేసింది. ఇంజను ఒక్కటే నిలబడింది. ఆ తుఫానులో 400 మందికి పైగా మరణించారు. తిరిగి ఎవరూ ఆ రైలుమార్గం వేయలేదు. మిగిలిన వంతెనలమీదుగానే రోడ్డు వేసి 1938లో తెరిచారు. మన ధనుష్కోడిలో 1964 డిసెంబరు తుఫానుకు రైలు కొట్టుకుపోయిన సంగతి మీ పెద్దవాళ్ళు చెప్పి ఉంటారు. సముద్రం పక్కన బతికేవాళ్ళు గాలిని ఎందుకు అంత కనిపెట్టి ఉంటారో దీనివల్ల మీకు బోధపడుతుంది.

2020 జనవరిలో నేను మా అమ్మాయి కుటుంబంతో కలిసి ఈ ఇస్లామొరాడా దీవికే వెళ్ళాను. అక్కడ చేపలు పట్టాలని సరదాపడేవారికి పడవను పూటకో, రోజుకో కిరాయికి ఇస్తారు. పూట అంటే నాలుగు గంటలు, రోజు అంటే ఎనిమిది గంటలు. పడవతోపాటు కెప్టెను, అతనికి ఒక సహాయకుడు వస్తారు. మన గోదావరి లాంచీమీద సరంగు ఎటువంటివాడో ఈ పడవకు కెప్టెను అటువంటివాడు. కాని ఎవరుపడితే వారు కెప్టెను కావటానికి వీలులేదు. కనీసం 360 రోజులు నీటిమీద పనిచేసి ఉండాలి. ప్రథమచికిత్స నేర్చుకోవాలి. దారి చూసుకోవటంలోనూ, పడవల నిబంధనలలోనూ పరీక్ష ప్యాసు కావాలి. అప్పుడు ప్రభుత్వపు తీరరక్షక దళం వారు లైసెన్సు ఇస్తారు. చిన్న లైసెన్సు ఉన్నవాడు ఆరుగురికి మించి కిరాయిమనుషులను ఎక్కించకూడదు.

మేము మాట్లాడుకున్న కెప్టెను అరవై ఏళ్ళవాడు. ఎండకు కమిలిన ముఖం, తక్కువ మాటలు. మొదటిరోజు తెల్లవారి మేము రేవుకు వెళ్ళేసరికి గాలి వెచ్చగా, మెల్లగా నైరుతినుంచి వీస్తున్నది. సముద్రం అద్దంలాగా ఉన్నది. మా మనుమడికి పదకొండేళ్ళు. వాడు అప్పుడే పడవలోకి ఒక కాలు పెట్టాడు. కెప్టెను ఆకాశం వంక చూచి, "ఇవాళ పోవటం లేదు. రేపు కూడా పోము. ఎల్లుండి చూద్దాం," అన్నాడు.

మనుమడి ముఖం వాడిపోయింది. "ఇంత ప్రశాంతంగా ఉంటే ఎందుకు పోము?" అని అడిగాడు.

పడవ కదలకపోతే ఆ రోజు కెప్టెనుకు సంపాదన లేదు. అయినా ఆయన కూర్చుని ఓపికగా వివరించాడు. చలికాలంలో కెనడా వైపునుంచి బరువైన చల్లగాలి దక్షిణానికి దిగుతుంది. అది రాబోయేముందు ఇక్కడ గాలి వెచ్చగా నైరుతినుంచి వీస్తుంది. చల్లగాలి అంచు తగలగానే వాయవ్యానికి మారుతుంది. తరువాత ఉత్తరానికి, ఆ తరువాత ఈశాన్యానికి, చివరకు తూర్పుకు తిరుగుతుంది. అంటే గడియారపు ముల్లు తిరిగే వైపే గాలీ తిరుగుతుందన్నమాట. ఉదయం ప్రశాంతంగా ఉన్న సముద్రం మధ్యాహ్నానికి ఏమవుతుందో తెలియని వాడు పడవ నడపకూడదని ఆయన అన్నాడు.

ఆయన చెప్పినట్టే జరిగింది. మధ్యాహ్నం కాకముందే వాయవ్యాన నల్లని మబ్బుచార ఒకటి లేచింది. గాలి చల్లబడి జోరెత్తింది. ఆ చలికి ఫ్లోరిడా దక్షిణభాగంలో ఒక వింత జరిగింది. అక్కడి చెట్లమీద ఇగ్వానాలనే పెద్ద తొండజాతి జంతువులు ఉంటాయి. ఇవి శీతలరక్త జంతువులు. చలి ఎక్కువైతే వాటి ఒళ్ళు కొయ్యబారి, పట్టు తప్పి కిందపడిపోతాయి. జనవరి 21న మయామీ వాతావరణశాఖవారు, "చెట్లమీదనుంచి ఇగ్వానాలు రాలిపడితే ఆశ్చర్యపోకండి" అని ప్రజలకు హెచ్చరిక చేశారు! అవి చావవు, ఎండ తగిలితే చాలావరకు లేచి పోతాయి.

ఇక ఆ సముద్రంలో గాలి అంత ప్రమాదం ఎందుకో చూద్దాం. ఈ దీవులకూ క్యూబాకూ మధ్య సముద్రంలోనే ఒక మహానది ప్రవహిస్తున్నది. దీని పేరు గల్ఫ్ స్ట్రీమ్. దక్షిణపు వెచ్చని నీటిని ఇది తూర్పుకూ, ఆపైన ఉత్తరానికీ మోసుకుపోతుంది. 1513లో పోన్స్ డి లియోన్ అనే స్పెయిను నావికుడు, గాలి అనుకూలంగా ఉన్నా తన ఓడలు వెనక్కు పోవటం చూచి దీని సంగతి రాసిపెట్టాడు. మన గోదావరికి 1986 ఆగస్టులో వచ్చిన పెద్ద వరద ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు. ఫ్లోరిడా పక్కన ఈ ప్రవాహంలో ప్రతిరోజూ, పగలూ రాత్రీ, దానికి సుమారు మూడువందల రెట్లు నీరు పోతూ ఉంటుంది! ప్రపంచంలోని నదులన్నీ కలిపినా ఇందులో ఇరవయ్యో వంతు కావు.

ఇప్పుడు ఆలోచించండి. నీరు తూర్పుకూ ఈశాన్యానికీ పరుగెత్తుతున్నది. గాలి ఈశాన్యంనుంచి ఎదురు వచ్చింది. ఎదురెదురుగా వచ్చిన రెండు ఎడ్లబండ్లు ఇరుకుసందులో ఢీకొన్నట్టు, అక్కడ అలలు ఒకదానిమీద ఒకటి ఎక్కి నిలువుగా లేస్తాయి. చిన్నపడవ వాటి మధ్య నిలువదు. కాని ఆ గాలి కొంచెం నెమ్మదించి మరీ ఎత్తు కాని అలలు మిగిలితే, చేపలకు అదే మంచి అదను. ఈ కిటుకు తెలిసినవాడే మంచి కెప్టెను.

రెండవరోజు పడవలన్నీ రేవులోనే కట్టి ఉన్నాయి. గుంజలమీద గోధుమరంగు గూడబాతులు ముడుచుకుని కూర్చున్నాయి. మన నేలపట్టులో కనిపించే గూడబాతులకు ఇవి దాయాదులు. కాని ఇవి ఎత్తునుంచి తలకిందులుగా నీటిలోకి దూకి చేపను పడతాయి. కెప్టెను గేలాలు సరిచేసుకుంటూ మాకు 2010 జనవరి సంగతి చెప్పాడు. ఆ నెల చలి పదిరోజులకు పైగా విడవలేదు. దీవులకు ఉత్తరాన ఫ్లోరిడా అఖాతం ఉంది. దాని లోతు సగటున మూడడుగులే. చుట్టూ మన కోరింగలో ఉన్నటువంటి మడచెట్లు.

పిల్లలూ, మీరు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒకే బిందెలో నీటిని ఒక పళ్ళెంలో కొంచెం, ఒక లోతైన చెంబులో నిండుగా పోసి, చలికాలపు రాత్రి ఆరుబయట పెట్టండి. తెల్లవారుజామున రెండింటిలోనూ వేలు ముంచి చూడండి. పళ్ళెంలో నీరే ఎక్కువ చల్లగా ఉంటుంది. ఫ్లోరిడా అఖాతం ఆ పళ్ళెం వంటిది, పక్కనున్న మహాసముద్రం చెంబు వంటిది. అందుకే ఆ జనవరిలో అఖాతంలో నీరు అమితంగా చల్లబడిపోయింది. మన పండుగప్పను పోలిన స్నూక్ చేపలు, టార్పన్ చేపలు లెక్కలేనన్ని చచ్చి, తెల్లని పొట్టలతో నీటిమీద తేలాయి. ఒడ్డు దగ్గరి పగడాలు కూడా చనిపోయాయి. కొయ్యబారిన సముద్రపు తాబేళ్ళను వేలకొద్దీ పట్టి, వెచ్చగా ఉంచి బతికించారు. ప్రభుత్వం స్నూక్‌ను పట్టి ఉంచుకోరాదని నిషేధం పెట్టింది. గల్ఫు వైపున ఆ నిషేధం 2013 సెప్టెంబరు దాకా తీయలేదు. "మిగిలినవి కొద్ది. అవి గుడ్లు పెడితేనే మళ్ళీ చేప. ఆ కొద్దీ మేము పట్టుకుంటే మా పడవలు దేనికి?" అన్నాడు కెప్టెను.

మూడవరోజుకు గాలి ఈశాన్యానికి తిరిగి, తగ్గింది. ఏడుగంటలకు బయలుదేరాం. తీరానికి అయిదారు మైళ్ళ దూరాన పగడపు దిబ్బ ఉన్నది. సహాయకుడు అక్కడ నీటిలో మేత చల్లి, మన జాలరులలాగే విసురువల వేసి, జానెడు పొడవున్న ఎర చేపలను ప్రాణంతో పట్టి తొట్టిలో వేశాడు. దిబ్బ దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడ మేము ఒక చిత్రం చూచాం. పచ్చని నీరూ, నీలిమందు వంటి నీరూ గీత గీసినట్టు విడివిడిగా ఉన్నాయి. ఆ నీలిదే గల్ఫ్ స్ట్రీమ్! ఆ అంచునే చిన్న చేపలు చేరతాయి, వాటికోసం పెద్ద చేపలు వస్తాయి. చలిగాలి వెంట ఉత్తరంనుంచి దిగివచ్చే తెరచాప చేపలు శీతాకాలమంతా ఈ అంచు వెంటనే తిరుగుతాయి. వీపుమీద తెరచాపలాగా విప్పుకునే పెద్ద రెక్క ఉండటంవల్ల దీనికి ఆ పేరు. మూతి బల్లెంలాగా ఉంటుంది. మన విశాఖ జాలరులు కొమ్ముకోనాం అని పిలిచే చేపల కుటుంబమే ఇది. ఈ జాతి మన బంగాళాఖాతంలో కూడా ఉన్నది.

అప్పుడు సహాయకుడు గాలిపటం తీశాడు! దాని తాడుకు చిన్న పట్టుకొక్కెం ఉంది. గేలపు దారాన్ని ఆ కొక్కెంలోనుంచి పోనిచ్చి గాలిపటాన్ని ఎగరవేశాడు. దానితో ఎర చేప పడవకు దూరంగా, సరిగ్గా నీటిమట్టంలో వేలాడుతూ తపతప కొట్టుకుంటున్నది. దారం గాలిలోనే ఉన్నది కనుక నీటిలోని చేపకు అది కనిపించదు. పెద్దచేప ఎరను పట్టి లాగగానే దారం కొక్కెంనుంచి ఊడి వస్తుంది. ఈ ఉపాయం అమెరికావారు కనిపెట్టింది కాదు. సాలమన్ దీవులవారు పెద్ద ఆకులతో గాలిపటాలు చేసి ఇట్లాగే చేపలు పట్టేవారు.

మొదట పడింది వంజరం! అంటే మన వంజరానికి దగ్గరి చుట్టం. కెప్టెను కొలబద్ద పెట్టి కొలిచాడు. 24 అంగుళాలకు తక్కువైతే వదిలివేయాలని అక్కడి నిబంధన. ఇది అంతకంటె పెద్దది. "ఇది రాత్రి భోజనానికి," అని మంచుపెట్టెలో పెట్టాడు.

పదకొండు గంటలవేళ గాలిపటం తాడు ఎగిరిపడింది. నీలినీటిలో నల్లని నీడ ఒకటి కదిలింది. "లాగకు! మెల్లగా చుట్టు!" అని కెప్టెను మనుమడికి కర్ర అందించాడు. ఆ గేలపు మొన బయటికి కాక లోపలికి వంగి ఉంటుంది. లాగకుండా చుట్టితే అది చేప కడుపులో గుచ్చుకోదు, నోటిమూలలో మాత్రం తగులుకుంటుంది. తరువాత చేప సులువుగా బతుకుతుంది. మరుక్షణం ఏడడుగుల చేప నీటిపైకి దూకింది. ఒళ్ళంతా వెండిగా, వీపు నెమలికంఠంలాగా మెరిసింది! పావుగంటసేపు మనుమడు చెమటలు కక్కుతూ దారం చుట్టాడు. చివరకు సహాయకుడు చేతితొడుగులు వేసుకుని, పడవ పక్కన దాని మూతిని పట్టుకున్నాడు.

"పైకి తీయండి, ఫొటో!" అని మనుమడు అరిచాడు.

కెప్టెను తల అడ్డంగా తిప్పాడు. వదలదలచిన ఈ జాతి చేపను నీటిలోనుంచి తీయకూడదని చట్టం. చట్టానికి వెనుక కారణమూ ఉన్నది. నీటిలో దాని బరువును నీరే మోస్తుంది. పైకి తీస్తే దాని బరువే దాని లోపలి అవయవాలను నొక్కుతుంది, మొప్పలు ఆరిపోతాయి. పడవను మెల్లగా ముందుకు పోనిచ్చి, నోటిలోనుంచి మొప్పలకు నీరు పారేట్టు చేశారు. వెలిసిపోయిన నీలిరంగు క్రమంగా తిరిగి వచ్చింది. తోక ఒక్కసారి విదిల్చి అది నీలంలో కలిసిపోయింది.

మనుమడు కాసేపు ఆ నీటివంక చూచి, "వదిలేసేదానికి ఇంతసేపు ఎందుకు బాధపెట్టాం తాతయ్యా?" అన్నాడు.

ఇది నిజమైన ప్రశ్న. నేను దానిని కెప్టెనుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఆ ప్రశ్న నేను ఇప్పటికీ వేసుకుంటాను. బాధ లేదని చెప్పను. వదిలినవన్నీ బతుకుతాయనీ చెప్పను. అందుకే బలమైన దారం వాడి తొందరగా తెమిలిస్తాను. వంగిన గేలం తప్ప వేరొకటి వాడను. పిల్లవాడు ఒకదాన్ని పట్టాడు, చాలు," అని గాలిపటాన్ని దించివేశాడు. కిరాయిగంటలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ గంటలు మేము గేలం వేయకుండా సముద్రాన్ని చూస్తూ గడిపాం. మనుమడు మళ్ళీ వేయమని అడగలేదు.

ఈ చేపను గురించి పుస్తకాలలో ఒక మాట కనిపిస్తుంది. అది గంటకు 110 కిలోమీటర్ల వేగంతో ఈదుతుందట! 2015లో ప్రచురించిన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు వేటాడే తెరచాప చేపల వేగాన్ని నిజంగా కొలిచారు. అది సుమారు 30 కిలోమీటర్లు మాత్రమే అని తేలింది. కనుక అచ్చులో కనిపించిందల్లా ఎవరో కొలిచి చెప్పిందే అనుకోకండి. "ఎవరు కొలిచారు? ఎట్లా కొలిచారు?" అని అడగటం నేర్చుకోండి. చేపలు ఎక్కడినుంచి ఎక్కడికి పోతాయో తెలుసుకోవటానికి కూడా ఇటువంటి కొలతే ఉన్నది. 1954లో ఫ్రాంక్ మేథర్ అనే ఆయన, వదిలే చేపకు నంబరుగల చిన్నచీటీ గుచ్చే పద్ధతిని అమెరికాలో ప్రారంభించాడు. ఆ చేప మళ్ళీ ఎక్కడ ఎవరికి దొరికినా నంబరునుబట్టి దాని ప్రయాణం తెలుస్తుంది. ఇట్లా చేపలు పట్టే సరదా మనుషులే శాస్త్రానికి సాయపడుతున్నారు.

సాయంకాలం రేవుకు వచ్చే పడవల మీద చిన్న జెండాలు ఎగురుతాయి. జెండామీద తెరచాప చేప బొమ్మ తలకిందులుగా ఉంటే, ఆ చేపను వదిలివేశామని గుర్తు. అటువంటి జెండాను వాళ్ళు గర్వంగా కట్టుకుంటారు.

మన సముద్రతీరంలో చేపలు పట్టటం సరదా కాదు, జీవనం. పొద్దున్నే వల నిండకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. వారు పట్టిన చేపను వదలలేదేమని అడగటం న్యాయం కాదు. అయితే చేపలు గుడ్లు పెట్టే కాలంలో వారు కూడా వేట ఆపుతారు. మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేటనిషేధం ఉన్నది. మరుసటి ఏటికి చేప మిగలాలన్న చింత రెండు తీరాలలోనూ ఒక్కటే.

మీలో ఎవరి ఊరైనా సముద్రం పక్కన ఉంటే, ఈ సెలవుల్లో ఒక ముసలి జాలరి తాతను అడగండి. ఏ దిక్కు గాలికి పడవ తీయరు? ఏ మబ్బు చూచి వెనక్కు తిరుగుతారు? ఏ నెలలో ఏ చేప వస్తుంది? ఆయన చెప్పిన మాటలను, ఆయన వాడిన పేర్లతోనే, ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఏడాదిపాటు గాలిని మీరే చూచి, ఆయన మాట ఎంతవరకు నిజమైందో పక్కనే గుర్తు పెట్టండి.